పదును దొరికేదాకా: ఐదు పద్రోన్ సిగార్ల డైరీ

జనవరి 20, 2024

ఈ రోజు పెట్టె పని మొదలుపెట్టాను. సిగార్లు ఇంకా కొనలేదు. ముందు వాటికి ఇల్లు సిద్ధం కావాలి.

అనుకున్నది ఇది: ఒకే రకం సిగార్లు ఐదు, ఒకే పెట్టెలోంచి వచ్చినవి తీసుకోవాలి. ఐదు నెలల్లో ఒక్కొక్కటిగా కాల్చి, రుచిని తెలుగులో రాసుకోవాలి. ఇంగ్లీషులో సిగార్ రివ్యూలు ఏళ్ల తరబడి చదువుతున్నాను. లెదర్, సెడార్, ఎర్త్, బార్న్‌యార్డ్ అంటారు. చదివినప్పుడు అర్థమైనట్టే ఉంటుంది కానీ నా నాలుకకి మాత్రం ఏమీ గుర్తురాదు. నా నాలుక పెరిగింది కోనసీమలో. దానికి తెలిసిన మాటల్లోనే రాయాలి.

ఐదు దాటకూడదన్నది నాకు నేను పెట్టుకున్న నియమం. తాతయ్య రోజంతా లంక చుట్ట కాల్చేవారు. నోటి క్యాన్సర్‌తో పోయారు. సిగార్ పొగని ఊపిరితిత్తుల్లోకి పీల్చరు, నిజమే, కానీ నోటికీ గొంతుకీ ఉండే ప్రమాదం దానివల్ల పోదు. నెలకొకటి, ఇంటి బయట, వరండాలో, పిల్లలు నిద్రపోయాక లేదా బయటికి వెళ్లినప్పుడు. కాల్చాక స్నానం చేసి బట్టలు మార్చుకున్నాకే లోపలికి.

హ్యూమిడార్, అంటే సిగార్లని తేమ పోకుండా దాచే పెట్టె, చిన్నదే, పాతిక పట్టే చెక్కది. లోపల పలకలు స్పానిష్ సెడార్. పేరుకి సెడారే కానీ దేవదారుతో దీనికి చుట్టరికం లేదు. సెడ్రెలా ఒడొరాటా అనే ఈ చెట్టు మన వేప కుటుంబానికి చెందింది. మూత తీసి ముఖం దగ్గర పెట్టుకుంటే అప్పుడే చెక్కిన పెన్సిల్ పొట్టు వాసన, దాని వెనక సన్నటి చేదు. వేప బంధువని తెలిశాక ఆ చేదు ఇంకా స్పష్టంగా తెలుస్తోంది.

కొత్త చెక్క పొడిగా ఉంటుంది. అలాగే సిగార్లు పెడితే వాటిలోని తడిని లాగేసుకుంటుంది. అందుకని ముందు చెక్కకే నీరు పట్టించాలి. 84 శాతం తేమ ఇచ్చే బోవేడా కంపెనీ ప్యాకెట్లు రెండు లోపల పెట్టి మూత వేశాను. 14 రోజులు తెరవకూడదు.

ఫిబ్రవరి 3

సిగార్లు వచ్చాయి. పద్రోన్ 1964 యానివర్సరీ, ఎక్స్‌క్లూసివో సైజు, మదురో. ఐదున్నర అంగుళాల పొడవు, 50 రింగ్. రింగ్ అంటే అంగుళంలో 64వ వంతు, కాబట్టి 50 రింగ్ అంటే దాదాపు రెండు సెంటీమీటర్ల లావు. ఒక్కోటి ఇరవై డాలర్లకు అటూ ఇటూ పడింది. దుకాణంలో తెరిచి ఉన్న ఒకే పెట్టెలోంచి ఐదూ తీసివ్వమని అడిగాను.

ఇదే ఎందుకంటే, ఆ మనిషి కథ నాకు ఇష్టం. హోసే ఒర్లాండో పద్రోన్‌ది క్యూబాలో పొగాకుకి పేరున్న పినార్ దెల్ రియో. విప్లవం తర్వాత దేశం వదిలి మయామీ చేరారు. ఒక స్నేహితుడు ఇచ్చిన చిన్న సుత్తితో వడ్రంగి పని చేసి 600 డాలర్లు కూడబెట్టారు. 1964లో ఆ డబ్బుతోనే కంపెనీ పెట్టారు. ఆ సుత్తి ఇప్పటికీ ఆ కంపెనీకి గుర్తు. తర్వాత నికరాగువా వెళ్లి అక్కడి ఎస్తెలీ ప్రాంతపు ఆకుతో చుట్టించడం మొదలుపెట్టారు. కంపెనీకి ముప్పై ఏళ్లు నిండిన సందర్భంగా 1994లో వచ్చిందే ఈ యానివర్సరీ రకం. ఆకంతా నికరాగువాదే, నాలుగేళ్లు మాగబెట్టినది. ఆయన 2017లో పోయారు.

మదురో అంటే స్పానిష్‌లో పండినది అని. ఇక్కడ మాగినది అనే మాట సరిగ్గా కుదురుతుంది. పై ఆకుని ఎక్కువ కాలం, ఎక్కువ వేడిలో మాగబెడితే నలుపెక్కుతుంది. ఆకుల్ని పెద్ద కుప్పలుగా పేరుస్తారు. కుప్ప తనంతట తానే లోపల వేడెక్కుతుంది, తడిగా పేర్చిన గడ్డివాము లోపల చెయ్యి పెడితే తెలిసే వేడి అదే. వేడి హద్దు దాటకుండా కుప్పని విప్పి, లోపలివి బయటికీ బయటివి లోపలికీ మార్చి మళ్లీ పేరుస్తారు. ఈ పనిలోనే ఆకులోని అమ్మోనియా బయటికి పోతుంది. సరిగా మాగని సిగార్ పశువుల పాక వాసన కొట్టేది ఆ అమ్మోనియా వల్లే.

చేతిలోకి తీసుకుంటే గుండ్రంగా లేదు, నాలుగు పలకలుగా ఉంది. బాక్స్ ప్రెస్ అంటారు. పై ఆకు కాఫీ గింజ రంగు, సన్నటి ఈనెలు, వేలితో రాస్తే కొద్దిగా జిడ్డు. మెడ దగ్గర రెండు పట్టీలు, రెండో దాని మీద ఒక్కో సిగార్‌కి ఒక్కో నంబరు. ఐదు నంబర్లూ నోట్‌బుక్‌లో రాసుకున్నాను.

84 ప్యాకెట్లు తీసేసి, పెట్టెతో పాటు వచ్చిన స్పాంజిని డిస్టిల్డ్ వాటర్‌తో తడిపి పెట్టాను. తేమ కొలిచే హైగ్రోమీటర్ కూడా పెట్టెతో వచ్చిందే. సాయంత్రానికి 68 చూపిస్తోంది. మంచి అంకె.

ఫిబ్రవరి 17

మొదటిది కాల్చాను. బాధగా ఉంది.

భోజనం చేసి గంటయ్యాక వరండాలో కూర్చున్నాను. టోపీని, అంటే నోట్లో పెట్టుకునే చివరని మూసి ఉంచే ఆకుని, రెండు మిల్లీమీటర్లు కోశాను. వెలిగించకుండా ఒక దమ్ము లాగితే తడి గోనెసంచి వాసన తప్ప ఏమీ లేదు. గ్యాస్ లైటర్‌తో చివరని నెమ్మదిగా కాల్చాను. మొదటి రెండు నిమిషాలు ముక్కులో మిరియం ఘాటు వచ్చింది, బాగుంది అనుకున్నాను.

ఆ తర్వాత అంతా తేడా. లాగుతుంటే గట్టిగా ఉంది. నిమిషానికి ఒక దమ్ము చాలు అంటారు, కానీ అలా వదిలితే ఆరిపోతోంది. రెండుసార్లు మళ్లీ వెలిగించాను. లోపలి ఆకు కాలుతోంది, పై ఆకు కాలడం లేదు. చివరని చూస్తే మధ్యలో చిన్న బిలం, చుట్టూ నల్లటి అంచు. పొగ వేడిగా, తడిగా ఉంది. నాలుక మీద తారు లాంటి చేదు. సగం కూడా కాకుండానే పక్కన పెట్టేశాను.

నోట్‌బుక్‌లో రుచి అని రాసిన చోట "మాడిన కాకరకాయ, తడి గోనె" అని ఉంది. ఇంతమంది మెచ్చుకున్న సిగార్ ఇదేనా అని చాలాసేపు కూర్చున్నాను.

ఫిబ్రవరి 18

మావయ్యకి ఫోన్ చేశాను. ఆయన ముప్పై ఏళ్లు గోదావరి లంకలో పొగాకు పండించారు. ఇప్పుడు ఆ పొలంలో కూరగాయలు వేస్తున్నారు. సిగార్ సంగతి చెబితే కోప్పడతారనుకున్నాను. అంతా విని ఒక్కటే అడిగారు.

"ఆకు పదును చూసుకున్నావురా?"

"పెట్టెలో మీటరుంది మావయ్యా. అరవై ఎనిమిది చూపిస్తోంది."

"మీటరు సంగతి కాదురా అబ్బాయ్. చేత్తో చూశావా? రెండు వేళ్లతో నొక్కితే కొంచెం అణగాలి, వదలగానే మళ్లీ పైకి లేవాలి. మెత్తగా అలాగే ఉండిపోయిందంటే నీరెక్కువైనట్టు. చెవి దగ్గర పెడితే గలగలమందంటే ఎండిపోయినట్టు. మంచు పడ్డ తెల్లవారుజామున ఆకు దించేది అందుకేగదా. ఎండెక్కాక ముట్టుకుంటే పొడైపోద్ది."

పదును. ఈ మాట నాకు దుక్కి సందర్భంలోనే తెలుసు. వాన పడ్డాక నేల పదును మీదుంది, అరక కట్టాలి అనేవారు ఇంట్లో. అతిగా తడిస్తే బురద, ఆరిపోతే రాయి. మధ్యలో ఒకటి రెండు రోజులే పదును. పొగాకుకీ అదే మాటని మర్చిపోయాను.

ఫోన్ పెట్టేసి పెట్టె తెరిచి నాలుగింటినీ నొక్కి చూశాను. నాలుగూ మెత్తగా ఉన్నాయి. వేలు పడ్డ గుంట నెమ్మదిగా తప్ప లేవడం లేదు.

ఫిబ్రవరి 19

హైగ్రోమీటర్‌కి ఉప్పు పరీక్ష పెట్టాను. సీసా మూతలో వంటింటి ఉప్పు పోసి, కొన్ని చుక్కల నీళ్లు వేసి, తడి ఇసుకలా కలపాలి. ఉప్పు కరిగిపోకూడదు. ఆ మూతనీ హైగ్రోమీటర్‌నీ ఒకే జిప్ కవర్‌లో పెట్టి, గాలి చొరకుండా మూసి, ఒక రోజు కదపకుండా వదలాలి. ఉప్పు నీరు నిండా పట్టి ఉన్నప్పుడు దాని చుట్టూ గాలిలో తేమ 75 శాతం దగ్గర నిలిచిపోతుంది. గది వేడి కొంచెం అటూ ఇటూ అయినా ఆ అంకె పెద్దగా మారదు. అందుకే దాన్ని కొలబద్దగా వాడతారు.

ఒక రోజంతా ఉంచి చూశాను. హైగ్రోమీటర్ 67 చూపిస్తోంది.

అంటే ఎనిమిది తక్కువ చెబుతోంది. నేను 68 అనుకున్నది నిజానికి 76. మావయ్య వేళ్లు చెప్పిందే నిజం.

ఫిబ్రవరి 20

స్పాంజి తీసి పారేశాను. 65 శాతం బోవేడా ప్యాకెట్లు రెండు పెట్టాను. ఇవి తేమ తగ్గితే ఇస్తాయి, పెరిగితే పీల్చుకుంటాయి. లోపల ఉన్నదీ ఉప్పు ద్రావణాల సూత్రమే. 70 శాతం ఉండాలని చాలాచోట్ల రాస్తారు. పెట్టెలో కొన్నేళ్లు దాచేవాళ్లకి అది సరిపోతుందేమో. నల్లటి, నూనె ఎక్కువున్న మదురో ఆకు సరిగా కాలాలంటే కొంచెం తక్కువే మంచిదని నాకనిపిస్తోంది. చూద్దాం.

హైగ్రోమీటర్ మీద చిన్న కాగితం అంటించాను: "+8".

తొందర లేదు. తడి బయటి ఆకులోంచి త్వరగా పోతుంది, మధ్య ఆకులోంచి వారాలు పడుతుంది. తొందరపెడితే పై ఆకు ముందు ముడుచుకుని పగులుతుంది.

మార్చి 9

రోజు విడిచి రోజు చూస్తున్నాను. 74, 71, 69, 67. ఈ రోజు 66 (ఎనిమిది కలిపి చెబుతున్న అంకెలు). నొక్కితే అణుగుతున్నాయి, లేస్తున్నాయి. ఇంకో రెండు వారాలు ఆగుతాను.

మార్చి 23

రెండోది. ఇది వేరే సిగార్. మొదటిది ఏ పెట్టెలోంచి వచ్చిందో ఇదీ అదే పెట్టెలోంచి వచ్చింది, నంబర్లు పక్కపక్కన రాసి ఉన్నాయి, అయినా ఇది వేరే సిగార్.

వెలిగించక ముందు లాగిన దమ్ములో ఎండుద్రాక్ష, కోకో పొడి. కోకోకి తెలుగు మాట వెతకడం మానేశాను, అది కోకోనే. చివరని మంటకి కాస్త దూరంగా పట్టుకుని, గుండ్రంగా తిప్పుతూ, అంచంతా సమంగా బూడిదరంగుకి తిరిగేదాకా కాల్చాను. అప్పుడు మొదటి దమ్ము.

మిరియం. నాలుక మీద కాదు, ముక్కులో. పొగని నోట్లో నిలిపి, మింగకుండా, లోపలికి పీల్చకుండా, కొంచెం ముక్కులోంచి వదిలితే అసలు రుచి అక్కడ తెలుస్తుంది. మొదట్లో కళ్లలో నీళ్లు వస్తాయి. ప్రతి దమ్ముకీ చేయక్కర్లేదు, నాలుగైదు దమ్ములకి ఒకసారి చాలు. ముక్కు లేకుండా సిగార్ రుచి రాయడం అంటే జలుబు చేసినప్పుడు పులుసు రుచి చెప్పడం లాంటిది.

ఒక వేలి వెడల్పు కాలాక మిరియం వెనక్కి తగ్గింది. దాని చోటులో దోరగా వేగిన ధనియాలు వచ్చాయి. రసం పొడికి ధనియాలు వేయిస్తుంటే, దించాలా ఇంకొంచెం ఉంచాలా అని ఆలోచించే క్షణంలో వచ్చే వాసన అది.

రెండో భాగం గురించి ఎక్కువ రాయాలి. సగానికి చేరేసరికి తీపి మొదలైంది. చక్కెర తీపి కాదు. అమ్మ అరిసెలకి పాకం పట్టేటప్పుడు పళ్లెంలో నీళ్లు పోసి అందులో ఒక చుక్క వేసి ఉండకట్టి చూస్తుంది. ఆ పాకం ఇంకో నిమిషం ఉంచితే అడుగంటుతుంది అనగా దాని రంగు ముదిరి, తీపి వెనక కొంచెం కారంలాంటిది చేరుతుంది. మాడీ మాడని ఆ బెల్లం. నాలుగు దమ్ములకి ఒకసారి వచ్చి పోతోంది. దానితో పాటు చిక్కటి డికాక్షన్, ఫిల్టర్ కింది గిన్నెలో చివరికి మిగిలే చుక్కలు. ముక్కులోంచి వదిలితే కొత్త చెప్పుల దుకాణం. ఇంగ్లీషువాళ్లు లెదర్ అనేది దీన్నే, ఈ రోజు పోల్చుకున్నాను.

బూడిద ఒక అంగుళం నిలిచింది, లేత బూడిదరంగు, పొరలు పొరలుగా. కాలిన గీత సమంగా ఉంది. ఒక్కసారి కూడా ఆరలేదు.

చివరి భాగంలో ఘాటు పెరిగింది. మొక్క పైభాగపు ఆకుని లిగేరో అంటారు. ఎండ ఎక్కువ తాకేది దానికే, కాబట్టి మందంగా, బలంగా, నెమ్మదిగా కాలేదిగా ఉంటుంది. దాన్ని సిగార్ నడిమధ్యలో పెడతారు. నడుమ ఆకు సెకో సువాసనకి, అడుగు ఆకు వొలాడో బాగా కాలడానికి. చుట్టేవాళ్ల పనితనం ఈ మూడింటి పాళ్లలో ఉంది. మన వర్జీనియా పొగాకు రైతులు తల తుంచి, పిలకలు తీసేదీ ఈ బలం ఆకుకి చేరాలనే. కాకపోతే ఆ ఆకుని బ్యారన్ అనే కొట్టంలో వేడి గొట్టాలతో కొన్ని రోజుల్లో ఆరబెడతారు, సిగరెట్లకి అది కావాలి. సిగార్ ఆకు గాలికి వారాల తరబడి ఆరాలి.

గంటా పది నిమిషాలు కాల్చాను.

మార్చి 24

నిన్నటి నోట్స్ చదువుకుంటే ఒక సంగతి అర్థమైంది. ఫిబ్రవరిలో నేను రుచి చూసింది పద్రోన్‌ని కాదు, నా పెట్టెలోని నీటిని.

సిగార్ పత్రికల్లో నూటికి మార్కులు వేస్తారు. 1992లో మొదలైన సిగార్ అఫిసియొనాడో పట్టీ తీసి, పేరు తెలియకుండా కాల్చి మార్కులు వేస్తుంది. ఆ పద్ధతి మీద నాకు గౌరవం ఉంది. కానీ నేను వేయను. ఇదే సిగార్‌కి నేను ఫిబ్రవరిలో 60 వేసేవాణ్ని, మార్చిలో 94. ఈ రెండు అంకెల మధ్య తేడా అంతా పది శాతం తేమ. చదివేవాడి పెట్టెలో తేమెంతో నాకు తెలియనప్పుడు నా అంకె వాడికి ఎందుకు? అంతకంటే ఏ పదునులో కాల్చానో, ఏం తిన్నాక కాల్చానో రాస్తే పనికొస్తుంది.

ఏప్రిల్ 9

ఉగాది. ఎండు వేపపూవు ఇండియన్ స్టోర్‌లో దొరికింది. పచ్చడి చేశాం.

చేదు, వగరు వేర్వేరుగా నాలుకకి తగిలాయి. వేపపూవు చేదు నాలుక వెనక కూర్చుంటుంది. మామిడి పిందె తొక్కలోని వగరు పళ్ల మీద, బుగ్గల లోపల పడుతుంది, నోరు లోపలికి లాగినట్టు ఉంటుంది. ఇంగ్లీషు రివ్యూల్లో రెండింటికీ చాలాసార్లు బిటర్ అనే రాసేస్తారు. మొదటి సిగార్‌లో వచ్చింది చేదు, అది తప్పు. రెండోదాని చివరి భాగంలో వచ్చింది వగరు, వక్క నమిలి ఊసేశాక మిగిలేటంత. అది తప్పు కాదు, ఆ ఆకు గుణం. నోట్‌బుక్‌లో మార్చి 23 కింద రెండు చోట్ల "చేదు" కొట్టేసి "వగరు" అని దిద్దాను.

పనిలో పనిగా నాలుగో సిగార్‌ని తీసి, 62 ప్యాకెట్‌తో గాజు సీసాలో వేశాను. ఇంకా పొడిగా ఉంటే ఏమవుతుందో చూడాలి.

ఏప్రిల్ 21

మూడోది ఉదయం కాల్చాను, ఇడ్లీ రెండే తిని, ఫిల్టర్ కాఫీతో. తేమ 65.

కాఫీతో బాగుంటుందని అందరూ అంటారు. నాకు నచ్చలేదు. కాఫీ తాగిన వెంటనే డికాక్షన్ రుచి సిగార్‌లోంచి మాయమైపోతోంది, ఒకే వాసన రెండు చోట్లా ఉంటే నాలుక ఒకదాన్నే పట్టుకుంటుంది. సగం కాఫీ వదిలేసి మంచినీళ్లకి మారాక బెల్లం తిరిగొచ్చింది. ధనియాలు మాత్రం ఈసారి రాలేదు. దాని బదులు పెన్సిల్ పొట్టు, సెడార్ పెట్టె వాసన ఎక్కువగా వచ్చింది. రెండు నెలలకి పైగా ఆ చెక్కలో ఉంది కదా, కొంత పట్టిందేమో.

మూడో భాగం మొదలయ్యేసరికి చేతులు చల్లబడ్డాయి, నుదుట చెమట, కడుపులో తిప్పడం. నికోటిన్. ఊపిరితిత్తుల్లోకి పీల్చకపోయినా నోటి పొరల్లోంచి రక్తంలోకి వెళుతుంది, అందులోనూ ఇది బలమైన సిగార్. కడుపు సగం ఖాళీగా ఉండటం నా తప్పు. అక్కడే ఆపేసి, లోపలికి వెళ్లి బెల్లం ముక్క నోట్లో వేసుకుని, నీళ్లు తాగి పడుకున్నాను. అరగంటకి తగ్గింది. ఇక ఉదయం పూట ఎప్పుడూ వద్దు. నిండు భోజనం తర్వాతే.

మే 18

నాలుగోది, 62లో ఐదు వారాలున్నది.

నొక్కితే గట్టిగా ఉంది. కోస్తుంటే టోపీ దగ్గర పై ఆకు సన్నగా చీలింది. త్వరగా కాలింది, యాభై నిమిషాలు కూడా పట్టలేదు. పొగ వేడి. మిరియం మొదటినుంచి చివరిదాకా తగ్గలేదు. తీపి అక్కడక్కడా తగిలింది కానీ నిలవలేదు. పాకం బాగా ముదిరి చిట్లిపోయినట్టు. చెడ్డది కాదు, మొదటిదానికంటే వందరెట్లు నయం. కానీ మార్చిలో విన్న పాటని ఎవరో తొందరగా పాడేసి వెళ్లిపోయినట్టుంది.

కాబట్టి ఈ సిగార్‌కి, నా నోటికి, పదును 65 దగ్గరే. మూడు శాతానికి ఇంత తేడా ఉంటుందని ఎవరైనా చెబితే జనవరిలో నమ్మేవాణ్ని కాదు.

మే 29

నిన్న తెల్లవారాక మేముండే డాలస్ మీద పెద్ద గాలివాన. మా వీధిలో చెట్లు పడిపోయాయి. కరెంటు పోయింది, ఇంకా రాలేదు. ఏసీ లేక ఇంట్లో వేడి 30 డిగ్రీలు దాటింది.

పెట్టెలో మిగిలింది ఒక్కటే, ఐదోది. దాని గురించి టెన్షన్ పడటం ఇంట్లోవాళ్లకి వింతగా ఉంది. నా భయం పొగాకు పురుగు. దాని గుడ్లు ఆకులో కంటికి కనిపించకుండా ఉండొచ్చు, చల్లగా ఉన్నంతకాలం పొదగవు, వేడి పెరిగి కొన్నాళ్లుంటే పొదుగుతాయి. పిల్ల పురుగు లోపలినుంచి తొలుచుకుంటూ బయటికొస్తే సూది బెజ్జాల్లాంటి రంధ్రాలు పడతాయి. మన ఇళ్లలో ధనియాల డబ్బాలో, పసుపు కొమ్ముల్లో, ఎండుమిర్చిలో పడే చిన్న గోధుమరంగు పురుగుల్లో ఇదీ ఒకటి. చాలా కంపెనీలు సిగార్లని గడ్డకట్టించి పంపేది ఈ గుడ్లు చావాలనే.

సిగార్‌ని ఒక ప్యాకెట్‌తో సహా జిప్ కవర్‌లో పెట్టి, పాత టీషర్టులో చుట్టి, ఐస్ పెట్టిన కూలర్‌లో ఒక మూలకి ఉంచాను. ఐస్ నేరుగా తగలకూడదు. గాలి చల్లబడితే అదే నీటికి తేమ శాతం పెరిగిపోతుంది, కవర్ లోపల చెమ్మ పడితే ఫిబ్రవరి మళ్లీ మొదటికొస్తుంది. రాత్రి రెండుసార్లు లేచి చూశాను. చెమ్మ లేదు.

మే 31

కరెంటు వచ్చింది. సిగార్ తిరిగి పెట్టెలోకి. రంధ్రాలు లేవు, పై ఆకు నున్నగానే ఉంది. రెండు వారాలు వదిలేస్తాను.

జూన్ 15

ఐదోది. తేమ 65. రాత్రి భోజనం పప్పు, అన్నం, పెరుగు. మసాలా ఏమీ తినలేదు. నీళ్ల సీసా తప్ప పక్కన ఏమీ లేదు. తొమ్మిదిన్నరకి వెలిగించాను, అప్పటికీ గాలి వేడిగానే ఉంది.

వెలిగించక ముందు: ఎండుద్రాక్ష కాదు ఈసారి, ఎండు ఖర్జూరం. కోకో అలాగే ఉంది.

మిరియం ఉంది కానీ మార్చిలో ఉన్నంత పదును లేదు. (ఈ పదును ఆ పదును కాదు.) ధనియాలు తిరిగొచ్చాయి, ఇంకొంచెం ఎక్కువసేపు ఉన్నాయి. ఇంకొకటి కొత్తగా వచ్చింది, దాన్ని పట్టుకోవడానికి చాలాసేపు పట్టింది. బంగాళదుంపల బస్తా ఖాళీ చేశాక అడుగున మిగిలిన పొడి మట్టి. ఎర్త్ అని రాసేవాళ్లు దీన్నే అంటున్నారని ఇన్నేళ్లకి తెలిసింది.

రెండో భాగంలో పాకం వచ్చింది. మార్చిలో వచ్చిపోయేది, ఇప్పుడు ఇరవై నిమిషాలు అలాగే నిలబడింది. పెదాల మీద కొంచెం ఉప్పదనం. పొగ చల్లగా, మెత్తగా, నోరంతా నిండేలా ఉంది. ఈ ఇరవై నిమిషాల కోసం ఇంకోసారి కొంటావా అని అడిగితే కొంటాను. రోజూ కాల్చేదిగా దీన్ని ఎవరికీ చెప్పను, ధరకీ బలానికీ కూడా. తీపి, కారం, కాఫీ ఒకదాన్నొకటి తినేయకుండా పక్కపక్కన నడిచే సిగార్ నేను కాల్చినవాటిలో ఇదొక్కటే. దీన్ని కొనేవాళ్లకి ఒక మాట: తెచ్చిన రోజు కాల్చకండి, 65లో కనీసం ఆరు వారాలు ఉంచండి, నిండు భోజనం చేసి కూర్చోండి, కాఫీ దూరంగా పెట్టండి.

చివరి భాగంలో వగరు మొదలవగానే ఆపేశాను, రెండు వేళ్ల మేర మిగిలింది. గంటా ఇరవై నిమిషాలు.

ఆపేముందు బూడిద ఫొటో తీసి మావయ్యకి పంపాను. అక్కడ పొద్దున్న. ఐదు నిమిషాల్లో ఫోన్ వచ్చింది.

"తెల్లగానే ఉందిరా నుసి. పొరలు విడకుండా నిలబడింది. ఆకు బాగా మాగింది, పదునూ కుదిరింది. ఎన్నోది ఇది?"

"ఐదోది మావయ్యా. ఇంక లేవు."

"మంచిది. మీ తాతకి లెక్కుండేది కాదు."

కొంచెం సేపు ఇద్దరం ఏమీ మాట్లాడలేదు. తర్వాత వంకాయ నారు సంగతి చెప్పారు.

జూన్ 16

ఐదు పట్టీలూ నోట్‌బుక్‌లో నంబర్ల పక్కన అంటించాను. ఖాళీ పెట్టె తుడిచి మూత తెరిచి నీడలో పెట్టాను. ప్యాకెట్లలో ఒకటి గట్టిపడింది, లోపల ద్రావణం అయిపోయి ఉప్పు గడ్డలు చేతికి తగులుతున్నాయి. రెండోది ఇంకా మెత్తగానే ఉంది, దాన్ని జిప్ కవర్‌లో వేసి దాచాను. హైగ్రోమీటర్ మీద "+8" కాగితం అలాగే ఉంచాను.